పథ్యం వంట వేరుగా వండాలా? ఉల్లిపాయతో ఇంటిల్లిపాదికీ ఒకే వంట

ఆసుపత్రి నుంచి రోగిని ఇంటికి తీసుకువెళ్ళేటప్పుడు మందుల చీటీతో పాటు ఆహార నియమాల కాగితం కూడా మీ చేతికి ఇస్తారు. ఉప్పు తగ్గించాలి, నూనె తగ్గించాలి, కారం తగ్గించాలి, పచ్చళ్ళు, అప్పడాలు మానాలి అని అందులో ఉంటుంది. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో అందరూ జాగ్రత్తగా అడిగి తెలుసుకుంటారు. కానీ ఆ రెండో కాగితంలో రాసింది వంటింట్లో ఎలా అమలు చేయాలో అడిగేవారు చాలా తక్కువ.

ఇంటికి వెళ్ళాక సాధారణంగా జరిగేది ఇది. మొదటి వారం రోగికి వేరుగా వండుతారు. ఉడకబెట్టిన కూరగాయలు, చప్పటి పప్పు, మజ్జిగన్నం పెడతారు. రోగి రెండు రోజులు ఓపిక పట్టి తింటాడు. మూడో రోజు కంచం పక్కకు నెట్టేస్తాడు. ఇటు రెండు వంటలు చేయలేక భార్యో, కోడలో, సాయానికి వచ్చిన కూతురో అలసిపోతుంది. రెండో వారం వచ్చేసరికి "పాపం, ఏమీ తినడం లేదు, ఒక్క ముద్దకు ఏమవుతుందిలే" అని ఆవకాయ వేస్తారు. గుండె బలహీనంగా ఉన్న రోగికి ఆ ఉప్పుతో ఒంట్లో నీరు చేరుతుంది. పాదాలు వాస్తాయి, పడుకుంటే ఆయాసం వస్తుంది, మళ్ళీ ఆసుపత్రికి రావలసి వస్తుంది.

ఇందులో రోగి తప్పు లేదు, వండిన వారి తప్పూ లేదు. రుచి లేని భోజనం ఎవరైనా ఎన్నాళ్ళో తినలేరు. ఒకే ఇంట్లో రెండు వంటలు ఎవరైనా ఎన్నాళ్ళో చేయలేరు. కాబట్టి ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేస్తూ, అందులోనే రోగికి సరిపడే భాగం ఉండేలా చూసుకోవడమే దీనికి పరిష్కారం. అందుకు మనకు తోడ్పడేది ప్రతి ఇంట్లో ఉండే ఉల్లిపాయ. కొన్ని ప్రాంతాలలో దీన్ని ఉల్లిగడ్డ అంటారు, కొన్నిచోట్ల ఎర్రగడ్డ, నీరుల్లి అంటారు. పేరు ఏదైనా పని ఒకటే.

ఉల్లిపాయే ఎందుకు?

ఉల్లిపాయలో దాదాపు తొంభై శాతం నీరే ఉంటుంది. 100 గ్రాముల ఉల్లిపాయ నుంచి సుమారు 40 కేలరీల శక్తి వస్తుంది. ఒక టీ స్పూను నూనె, అంటే 5 మి.లీ. నూనె కూడా సుమారు అంతే శక్తిని ఇస్తుంది. అంటే కూరలో ఒక స్పూను నూనె తగ్గించి, దాని బదులు ఒక మధ్యరకం ఉల్లిపాయ ఎక్కువ వేస్తే లెక్క సరిపోతుంది, కూర మాత్రం చిక్కగా, ఎక్కువగా కనబడుతుంది. ఉల్లిపాయలో సహజంగా ఉండే సోడియం చాలా స్వల్పం. కొద్దిగా పీచుపదార్థం, కొద్దిగా సి విటమిన్ కూడా ఉంటాయి.

అయితే ఉల్లిపాయను వంటకు ఆధారంగా చేసుకోవడానికి అసలు కారణం దాని రుచి. కోయని ఉల్లిపాయకు వాసన ఉండదు. కత్తి పడగానే లోపలి కణాలు చిట్లి, విడివిడిగా ఉన్న గంధకపు పదార్థాలు, ఎంజైములు ఒకదానితో ఒకటి కలుస్తాయి. అప్పుడు పుట్టే ఘాటైన వాయువు కంటిని తాకితే నీళ్ళు వస్తాయి. ఈ వాయువును పుట్టించే ప్రత్యేకమైన ఎంజైమును జపాన్ శాస్త్రవేత్తలు 2002లో గుర్తించారు. పదునైన కత్తితో కోస్తే కణాలు తక్కువగా నలుగుతాయి కనుక కళ్ళు తక్కువగా మండుతాయి.

పొయ్యి మీద పెట్టాక ఈ ఘాటు పోతుంది. ఘాటు పోయాక, అప్పటి దాకా నాలుకకు తెలియని తీపి పైకి వస్తుంది. ఉల్లిపాయలో సహజంగా 100 గ్రాములకు నాలుగైదు గ్రాముల చక్కెరలు ఉంటాయి. నెమ్మదిగా మగ్గితే ఆ తీపి, కమ్మదనం కూర మొత్తానికి పడతాయి. ఉప్పు, కారం, నూనె తగ్గించినప్పుడు కంచంలో ఏర్పడే లోటును చాలా వరకు ఈ కమ్మదనం తీరుస్తుంది.

ఇంకొక మేలు కూడా ఉంది. మన భోజనంలో ఇనుము ఎక్కువగా పప్పులు, ధాన్యాల నుంచి వస్తుంది. కానీ వాటిలోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన ప్రయోగశాల పరిశోధనలో, పప్పులు, ధాన్యాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కలిపినప్పుడు వాటిలోని ఇనుము, జింకు ఎక్కువగా అందుబాటులోకి వచ్చాయని గమనించారు. అది ప్రయోగశాలలో చూసిన ఫలితం. కాబట్టి రక్తహీనత ఉన్నవారు డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. పప్పులో ఉల్లి, వెల్లుల్లి వేసే మన పెద్దల అలవాటును మాత్రం కొనసాగించండి.

ఉల్లి ముద్ద తయారు చేసే విధానం

ఇది నలుగురు ఉన్న ఇంటికి, ఒక రోజుకు సరిపోయే కొలత.

కావలసినవి: మధ్యరకం ఉల్లిపాయలు నాలుగు (సుమారు 400 గ్రాములు), నూనె 2 టీ స్పూన్లు, జీలకర్ర అర టీ స్పూను, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, అల్లం చిన్న ముక్క, పసుపు పావు టీ స్పూను, కరివేపాకు ఒక రెమ్మ, కొద్దిగా నీళ్ళు. ఉప్పు, కారం ఇందులో వేయకూడదు.

1. ఉల్లిపాయలను సన్నగా, ఒకే పరిమాణంలో తరగండి. ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే కొన్ని మాడుతాయి, కొన్ని పచ్చిగా ఉండిపోతాయి.

2. అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె వేడిచేసి జీలకర్ర, కరివేపాకు వేయండి. తర్వాత ఉల్లి ముక్కలు వేసి రెండు నిమిషాలు కలపండి.

3. మంట తగ్గించి మూత పెట్టండి. ఉల్లిపాయలోని నీరే బయటికి వచ్చి ముక్కలను మగ్గనిస్తుంది. మధ్యలో రెండు మూడు సార్లు మూత తీసి కలపండి. అడుగు అంటుతోందనిపిస్తే నూనె పోయకుండా ఒక స్పూను నీళ్ళు చిలకరించండి.

4. సుమారు పది, పన్నెండు నిమిషాలకు ముక్కలు అద్దంలా తేటగా, మెత్తగా అవుతాయి. అప్పుడు దంచిన అల్లం వెల్లుల్లి, పసుపు వేసి, పచ్చి వాసన పోయేవరకు వేయించండి.

5. రోగికి కడుపులో మంట లేకపోతే మూత తీసి ఇంకో పది నిమిషాలు సన్న సెగ మీద ఉంచవచ్చు. ముక్కలు బంగారు రంగుకు వస్తాయి, రుచి ఇంకా పెరుగుతుంది. నల్లగా మాడనివ్వకండి. మాడితే చేదు వస్తుంది, ఆ చేదును కప్పడానికి మళ్ళీ ఉప్పు, కారం ఎక్కువ వేయవలసి వస్తుంది.

ఇక్కడ ఒక అలవాటు మార్చుకోవాలి. ఉల్లిపాయ త్వరగా మగ్గుతుందని చాలామంది మొదట్లోనే ఉప్పు చల్లుతారు. తర్వాత కూరలో మళ్ళీ వేస్తారు. మూత, ఒక స్పూను నీళ్ళు ఉంటే ఉప్పు లేకుండానే ఉల్లి మగ్గుతుంది. అలాగే అల్లం వెల్లుల్లి ముద్ద ఇంట్లోనే దంచుకోండి. అంగడిలో దొరికే ప్యాకెట్ ముద్దలో నిల్వ కోసం సాధారణంగా ఉప్పు కలుపుతారు. కొన్ని మసాలా పొడులలో కూడా ఉప్పు ఉంటుంది. కొనేముందు ప్యాకెట్ మీద చదవండి. వంట సోడాలో, అజినోమోటోలో కూడా సోడియం ఉంటుంది.

ఎప్పుడూ పొయ్యి దగ్గరకు వెళ్ళని వారు కూడా ఈ ముద్దను ఒకటి రెండు రోజుల్లో నేర్చుకోగలరు. ఇంట్లో వండే తల్లే మంచం పట్టినప్పుడు భర్త, కొడుకులు హోటలు నుంచి తెచ్చిన కూరలతో సరిపెట్టడం మామూలుగా జరుగుతుంది. హోటలు కూరలో ఎంత ఉప్పు, ఎంత నూనె పడిందో మనకు తెలియదు. ఉల్లిపాయలు తరగడం, మూత పెట్టడం, కలపడం వస్తే చాలు, ఆమెకు కావలసిన భోజనం ఇంట్లోనే తయారవుతుంది.

ఉప్పు వేయకముందే విడదీయండి

ఈ వ్యాసంలో మీరు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. కూర పూర్తిగా ఉడికిన తర్వాత, ఉప్పు, కారం వేయకముందే, రోగి భాగాన్ని చిన్న గిన్నెలోకి తీయండి. ఆ తర్వాతే మిగిలిన కూరలో ఇంటివారికి సరిపడా ఉప్పు, కారం కలపండి. పొయ్యి ఒకటే, మూకుడు ఒకటే, కూర ఒకటే. రోగికి తాను వేరు అన్న బాధ ఉండదు, వండేవారికి రెండో వంట ఉండదు.

ఏడాది లోపు పసిబిడ్డ ఉన్న ఇంట్లో బిడ్డ భాగాన్ని కూడా ఇలాగే తీయవచ్చు. ఆరు నెలలు నిండి అన్నం మొదలుపెట్టిన బిడ్డకు మొదటి పుట్టినరోజు వరకు ఉప్పు అవసరం లేదు. పప్పును, ఉల్లి ముక్కలను బాగా మెత్తగా మెదిపి పెట్టాలి.

రోగి ఉప్పు కొలతను కంటితో అంచనా వేయకండి. ఆరోగ్యవంతులైన పెద్దలకు కూడా రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ స్పూను ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చడి, అప్పడం, బిస్కెట్టు, మిక్చరు ద్వారా వచ్చేది కూడా ఆ 5 గ్రాములలోనిదే. ఒక చిన్న లెక్క వేసి చూడండి. నలుగురు పెద్దలు ఉన్న ఇంట్లో రోజుకు 20 గ్రాముల చొప్పున కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజులు రావాలి. మీ ఇంట్లో నెల తిరగకుండానే అయిపోతుంటే, రోగికే కాదు, అందరికీ ఉప్పు ఎక్కువగా పడుతోందని అర్థం.

రోగికి రోజుకు ఎంత ఉప్పు అనుమతి ఉందో డాక్టరును గానీ, ఆసుపత్రిలోని ఆహార నిపుణులను గానీ అడగండి. అంత ఉప్పును ఉదయాన్నే కొలిచి చిన్న మూత డబ్బాలో వేసి పెట్టుకోండి. ఆ రోజు రోగి తినే ప్రతి దానికీ ఆ డబ్బాలోదే వాడాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. ఆ ఉప్పును కూడా వడ్డించేముందు పైన చల్లితే నాలుకకు బాగా తెలుస్తుంది, తక్కువతోనే తృప్తి కలుగుతుంది. పొయ్యి మీద నుంచి దించాక పిండిన నిమ్మరసం, కొత్తిమీర, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి ఉప్పు లోటును కొంత మరిపిస్తాయి. మొదటి రెండు మూడు వారాలు కష్టంగా ఉంటుంది. తర్వాత నాలుక అలవాటు పడుతుంది.

ఒకే ముద్దతో మూడు పూటలు

పైన చెప్పిన ఉల్లి ముద్దను మూడు భాగాలు చేయండి. ఒక్కో భాగం ఒక్కో పూటకు సరిపోతుంది.

ఉదయం – కూరగాయల ఉప్మా: ఒక భాగం ఉల్లి ముద్దలో సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్ వేసి నీళ్ళు పోసి మరిగించండి. వేయించిన గోధుమ రవ్వ పోసి ఉడికించండి. రోగి భాగం తీశాక మిగిలిన దానిలో ఉప్పు కలపండి. రోగి ఉప్మా మీద నిమ్మరసం పిండండి. షుగరు ఉన్నవారికి రవ్వ తగ్గించి కూరగాయ ముక్కలు పెంచండి.

మధ్యాహ్నం – పప్పు, కూర: నలుగురికి 150 గ్రాముల కందిపప్పు గానీ పెసరపప్పు గానీ సొరకాయ ముక్కలతో కలిపి మెత్తగా ఉడికించండి. ఇంకో భాగం ఉల్లి ముద్దలో సగం అందులో వేసి ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. ముద్దలోనే పోపు ఉంది కనుక మళ్ళీ నూనెతో తాళింపు అవసరం లేదు. మిగిలిన సగంలో అరకిలో బీరకాయ ముక్కలో, క్యాబేజీ తరుగో వేసి మూత పెడితే ఆ కూర తన నీటిలోనే మగ్గుతుంది.

రాత్రి – కోడిగుడ్డు ఇగురు: చివరి భాగంలో ఒక గ్లాసు నీళ్ళు, అర టీ స్పూను ధనియాల పొడి వేసి మరిగించి, ఉడికించిన గుడ్లకు గాట్లు పెట్టి వేయండి. ఐదు నిమిషాలలో ఇగురు సిద్ధం. గుడ్లకు బదులు కొవ్వు, చర్మం తీసిన కోడిమాంసం గానీ, చేప ముక్కలు గానీ వేయవచ్చు. కోడిమాంసం అయితే ముక్క లోపలి ఎరుపు పోయి పూర్తిగా ఉడకాలి. మాంసాహారం తినని ఇళ్ళలో నానబెట్టి ఉడికించిన శనగలు, అలసందలు వాడండి. ఆపరేషను అయినవారికి, క్షయ మందులు వాడుతున్నవారికి, బలహీనంగా ఉన్నవారికి మాంసకృత్తులు ముఖ్యం. ఉల్లిపాయలో అవి చాలా తక్కువ. అందుచేత ఉల్లి ముద్ద ఒక్కటే కూర కాదు. పప్పు, గుడ్డు, చేప, శనగలు వంటి వాటిని రుచిగా తినిపించే సాధనం అది.

వ్రతాల వల్ల గానీ, ఇంటి ఆచారం వల్ల గానీ ఉల్లి వాడనివారు సొరకాయ తురుమును జీలకర్ర, అల్లంతో ఇలాగే మగ్గబెట్టి వాడుకోవచ్చు. ఉల్లి ధర బాగా పెరిగినప్పుడు కూడా ఈ ఉపాయం పనికివస్తుంది. 2019 చివరలో కిలో వంద రూపాయలు దాటిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటప్పుడు రెండు ఉల్లిపాయలు, మిగతా సొరకాయ లేదా క్యాబేజీ తురుము వేస్తే ముద్ద పరిమాణం తగ్గదు.

ఏ రోగికి ఏ జాగ్రత్త?

బి.పి., గుండె జబ్బు: ఉప్పు విడిగా కొలవడమే ముఖ్యం. "సైంధవ లవణం మంచిది కదా" అని చాలామంది అడుగుతారు. అందులో ఉండేది కూడా ముఖ్యంగా సోడియమే. కనుక దాన్ని కూడా మామూలు ఉప్పు లాగే కొలవాలి.

మూత్రపిండాల జబ్బు: సోడియం తక్కువ అని చెప్పి అమ్మే ప్రత్యేకమైన ఉప్పును డాక్టరును అడగకుండా కొనకండి. సోడియం తగ్గించడానికి అందులో పొటాషియం కలుపుతారు. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో, కొన్ని రకాల బి.పి. మందులు వాడేవారిలో రక్తంలో పొటాషియం పెరిగి గుండెకు ప్రమాదం కలగవచ్చు. పొటాషియం తగ్గించమని చెప్పిన రోగులకు టమాటాతో చేసే గ్రేవీ కంటే ఉల్లి ముద్దతో చేసిన కూర మేలు. టమాటాలో, బంగాళాదుంపలో కంటే ఉల్లిపాయలో పొటాషియం తక్కువ. పప్పు, మాంసం ఎంత పెట్టాలో మాత్రం మీ డాక్టరు చెప్పిన ప్రకారమే నడవండి.

షుగరు: వండిన ఉల్లిపాయ మామూలు మోతాదులో తినవచ్చు. చక్కెర, జీడిపప్పు ముద్ద, మీగడ కలిపి హోటలు పద్ధతిలో గ్రేవీ చేయకండి. కూర రుచిగా ఉందని అన్నం ఎక్కువ తింటే ఉపయోగం ఉండదు. అన్నం తగ్గించి కూర పెంచండి.

కడుపులో మంట, గ్యాసు, ఉబ్బరం: పచ్చి ఉల్లిపాయ, నూనెలో వేయించిన ఉల్లి వీరికి పడకపోవచ్చు. మెత్తగా మగ్గించిన ఉల్లి కొందరికి పడుతుంది. ఉల్లిపాయలో ఉండే ఒక రకమైన పిండిపదార్థం చిన్నప్రేగులో అరగదు. అది పెద్దప్రేగులోకి వెళ్ళి గ్యాసు పుట్టిస్తుంది. వండినంత మాత్రాన అది పోదు. తిన్న ప్రతిసారీ ఉబ్బరం, నొప్పి వస్తుంటే బలవంతంగా పెట్టకండి. సొరకాయ ముద్దతో వండండి.

గుండె కవాటం మార్పిడి తర్వాత రక్తం పలుచబడే మందులు: వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మందులు వాడేవారికి ఉల్లిగడ్డతో ఇబ్బంది లేదు. ఉల్లికాడలు, ఆకుకూరలలో కె విటమిన్ ఎక్కువగా ఉంటుంది. ఒకరోజు చాలా ఎక్కువ, మరొకరోజు అసలు లేకుండా తింటే మందు పని తీరు మారిపోతుంది. ఆకుకూర పూర్తిగా మానవలసిన పని లేదు. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో పెట్టండి.

పక్షవాతం: మింగడం కష్టంగా ఉన్నవారికి ఉల్లి ముక్కలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. కూరను మెత్తగా రుబ్బి, డాక్టరు లేదా థెరపిస్టు చెప్పిన చిక్కదనంలో, కూర్చోబెట్టి పెట్టాలి. తినేటప్పుడు దగ్గు వస్తుంటే ఆపి, వెంటనే ఆసుపత్రిలో తెలియజేయండి.

బాలింతలు: పథ్యం పేరుతో కూరలు మాన్పించి కారప్పొడి అన్నమే పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. పాలిచ్చే తల్లికి పప్పు, గుడ్డు, ఆకుకూర, కూరగాయలు అన్నీ కావాలి. మగ్గించిన ఉల్లితో వండిన కూరలు ఆమెకు నిరభ్యంతరంగా పెట్టవచ్చు.

కొనడం, నిల్వ చేయడం

గట్టిగా, పొడిగా, మెడ సన్నగా ఉన్న ఉల్లిపాయలు కొనండి. వర్షాకాలపు పంటగా వచ్చే కర్నూలు ఉల్లిలో తేమ ఎక్కువ. దాన్ని వారానికి సరిపడా మాత్రమే కొనుక్కోవాలి. వేసవి మొదట్లో వచ్చే రబీ ఉల్లి ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవరులోంచి తీసి, గాలి తగిలే బుట్టలో ఉంచండి. బంగాళాదుంపలతో కలిపి పెట్టకండి, రెండూ త్వరగా పాడవుతాయి.

వండిన ఉల్లి ముద్ద విషయంలో రోగి ఉన్న ఇంట్లో ఎక్కువ జాగ్రత్త అవసరం. ఫ్రిజ్ ఉన్నవారు ముద్ద చల్లారాక, రెండు గంటలలోపు, శుభ్రమైన మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మూడు రోజులలోపు వాడేయండి. తడి స్పూను, ఎంగిలి స్పూను పెట్టకండి. వాడినప్పుడు కావలసినంతే తీసి, బాగా పొగలు వచ్చేలా వేడిచేయండి. ఫ్రిజ్ లేనివారు నిల్వ పెట్టకుండా ఏ పూటకు ఆ పూట చేసుకోవాలి. ఒక్క పూటకు ఒకటి రెండు ఉల్లిపాయలు చాలు.

అపోహలు – వాస్తవాలు

"ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు" అని మన సామెత. ఉల్లి మంచి ఆహారమే. కానీ అది మందు కాదు. కొన్ని నమ్మకాల వల్ల రోగికి నష్టం జరిగే అవకాశం ఉంది కనుక వాటిని ఇక్కడ వివరిస్తున్నాం.

అపోహ: రోజూ పచ్చి ఉల్లిపాయ తింటే షుగరు, బి.పి. మాత్రలు మానేయవచ్చు.
వాస్తవం: ఏ ఆహారమూ డాక్టరు రాసిన మాత్రకు బదులు కాదు. మాత్రలు ఆపితే పక్షవాతం, గుండెపోటు వంటి ప్రమాదాలు రావచ్చు.

అపోహ: జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదు.
వాస్తవం: వడదెబ్బ నుంచి కాపాడేవి నీడ, నీళ్ళు, విశ్రాంతి. ఎండలో మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా చల్లటి నీళ్ళతో ఒళ్ళు తడిపి, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

అపోహ: కోసిన ఉల్లిపాయ గదిలోని సూక్ష్మక్రిములన్నిటినీ లాగేస్తుంది. అందుకే జ్వరం వచ్చినవారి మంచం పక్కన పెట్టాలి.
వాస్తవం: ఉల్లిపాయ క్రిములను లాగదు. గది కిటికీలు తెరిచి గాలి రానివ్వండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

అపోహ: ఉల్లిపాయ మీది నల్ల మసి వల్ల బ్లాక్ ఫంగస్ జబ్బు వస్తుంది.
వాస్తవం: 2021లో కోవిడ్ రెండో ఉద్ధృతి సమయంలో ఈ వార్త సెల్‌ఫోన్లలో బాగా తిరిగింది. అది నిజం కాదు. ఉల్లిపాయ మీద కనిపించేది వేరే రకం బూజు. ఆ పొర తీసేసి, నీళ్ళతో కడిగి, లోపల బాగుంటే వాడుకోవచ్చు. లోపల కూడా నల్లబడినా, మెత్తబడినా పారవేయండి. ఉబ్బసం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఇలాంటి ఉల్లిపాయలను ఒలవకుండా ఇంట్లో ఇంకొకరు ఆ పని చేయాలి.

ముఖ్యంగా గుర్తుంచుకోండి

• ఉల్లి ముద్దలో ఉప్పు, కారం వేయకండి. మూత పెట్టి సన్న సెగ మీద మగ్గించండి.
• కూర ఉడికాక, ఉప్పు వేయకముందే రోగి భాగం తీయండి.
• రోగి రోజు ఉప్పును ఉదయాన్నే కొలిచి డబ్బాలో పెట్టండి.
• డాక్టరును అడగకుండా ప్రత్యేకమైన ఉప్పులు కొనకండి.
• పప్పు, గుడ్డు, చేప, శనగలు వంటి వాటిలో ఏదో ఒకటి ప్రతిరోజూ రోగికి తగిన మోతాదులో ఉండేలా చూడండి.
• రోగి పాదాలు వాచినా, రెండు మూడు రోజుల్లో బరువు ఒకటి రెండు కిలోలు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, వచ్చే చెకప్ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

తిరిగి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు రోగి ఏమేమి తింటున్నారో ఒక కాగితం మీద రాసుకుని మందుల చీటీతో పాటు తీసుకురండి. ఏది పడింది, ఏది పడలేదు, ఎంత ఉప్పు వాడుతున్నారు అన్నది చూస్తే మీ ఇంటి వంటకు తగినట్టుగా నియమాలను మార్చి చెప్పడం డాక్టరుకు సులువవుతుంది. మీరు ఈ పూట కూరలో నుంచి ముందుగా తీసిపెట్టే ఆ చిన్న గిన్నె రోగికి మందుతో సమానమైన మేలు చేస్తుంది. రోగి కూడా మీ అందరితో కలిసి, అదే కూరతో, తృప్తిగా భోజనం చేయగలుగుతారు.